చూలాలి సౌందర్యము

నెల తప్పిన స్త్రీని గూర్చి మన యిండ్లలో "ఆమె వట్టి మనిషి కాదు" అందురు. పాలమూరు, నల్లగొండ పల్లెలలో "నీళ్ళోసుకున్నది" అను వాడుకయు కలదు. ఈ మాటలలో గౌరవము కలదు, దయయు కలదు. కాని అయిదవ నెల దాటి దేహము రూపు మారునప్పటికి ఆ యింటనే వేరు మాటలు వినబడును. "ఏంది బిడ్డా, మొకమంత గిట్ల నల్లవడ్డది?" అని ముదుసలి యడుగును. పొట్టను చూచి ఆడపిల్లయో మగపిల్లవాడో పొరుగామె తేల్చివేయును. భర్త పెండ్లినాటి పటమును చూపి పరిహాసమాడును. వీరిలో నెవరికిని చెడు తలంపు లేదు. అయినను ఆమె అద్దము ముందు నిలుచుటకు జంకును.

"తల్లి కాబోవుదానికి అందచందముల చింత యేల?" అని పెద్దలు కొందరు ఆక్షేపింతురు. ఇది వైరాగ్యమువలె దోచును గాని విచారించినచో నిలువదు. మనుష్యునకు దేహమే మొదటి యిల్లు. తన యింటిని చూచి తానే సిగ్గుపడువాడు దానికి మరమ్మతు చేసికొనునా? తన దేహమును రోయు గర్భిణియు నట్లే. లావగుదునను భయమున నామె పాలగ్లాసును ప్రక్కకు నెట్టును. హెచ్చు తినినచో బిడ్డ పెరిగి కాన్పు కష్టమగునను మరియొక భయమును పెద్దలు చేర్చుదురు. రెండు భయములును కలిసి ఆమెను పస్తుంచును. కావున దేహాభిమానము ఇచట శృంగారవిషయము కాదు. అది అన్నమునకు, ప్రాణమునకు సంబంధించిన విషయము.

ఆ దేహము చేయు పని యెంతటిదో తెలిసినచో పరిహాసము దానంతట నదే యణగిపోవును. మామూలుగా డెబ్బది గ్రాములకు మించని గర్భాశయము నిండు నెలలనాటికి దాదాపు ఒక కిలోగ్రామగును. శరీరమందలి నెత్తురు 40 మొదలు 50 శాతము వరకు పెరుగును. తగినంత బరువుగల స్త్రీ గర్భకాలమున పదకొండున్నర మొదలు 16 కిలోగ్రాముల వరకు హెచ్చుట ఆరోగ్యకరమని 2009లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వారు నిర్ణయించిరి. మొగముమీది నల్లమచ్చలు గర్భకాలపు గ్రంథిరసములవలన గలుగును. కాన్పు తరువాత తరచు వాడిపోవును. పొట్టమీది చారలు సన్నగిల్లునే గాని పూర్తిగ చెరిగిపోవు. పనివాని యరచేతి కాయలవంటివే యవి. పొట్ట యాకారము శిశువు ఆడో మగో తెలుపజాలదు. ఆ కుతూహలమెంత కీడు చేసినదో 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టము తేవలసివచ్చుటయే తెలుపుచున్నది.

చూచువారి చూపెట్లుండవలెనో కాళిదాసు నెరుగనివాడు కాడు. రఘువంశ తృతీయ సర్గమున గర్భవతియైన సుదక్షిణ మొగము లొద్దుగపూవువలె పాలిపోయినది. ఒంటిమీద నగలు తగ్గినవి. నోట మన్ను వాసన. దిలీపుడు ఆ మోమును ఏకాంతమున ఆఘ్రాణించి తనివి నొందడయ్యెను. అతడు ఆమెను నిన్నటి సుదక్షిణతో పోల్చలేదు. నేడున్న రూపమునే ప్రేమించెను. ఇది భర్తలకు మంచి పాఠము.

అయితే పాఠ మంతటితో ముగియలేదు. పాలిపోయిన మొగమును, మన్ను తినుటను చూచి నేటి వైద్యుడు రక్తహీనతను శంకించును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణులలో సగమునకు పైగా రక్తహీనులని తేలినది. కావున భార్య మోమును మెచ్చినవాడు ఆమె నెత్తురును పరీక్ష చేయింపవలెను. అంగన్‌వాడిలో గర్భిణికి అన్నము, గ్రుడ్డు, పాలు పెట్టు ఆరోగ్యలక్ష్మి పథకము 2015లో మొదలైనది. అచటికి పోవుట నామోషియని కోడలిని ఆపు నత్తగారు ఎంత మెచ్చుకొన్నను ఆ మెప్పు వట్టిదే. పోషణ లేని పొగడ్త వంచన.

మెచ్చుకోలులో మరియొక లోపము కలదు. తుంగభద్రాతీరమున, 2016 వరకు పాలమూరు జిల్లాకు జేరి నేడు జోగులాంబ గద్వాల జిల్లాలోనున్న అలంపురపు పురావస్తుశాలలో చాళుక్యుల కాలపు లజ్జాగౌరి విగ్రహ మున్నది. మోకాళ్ళు ముడిచి, ప్రసవించు భంగిమలో నున్న దేవి. పేరున లజ్జ యున్నను రూపమున లేశమైనను లేదు. ఆడుదాని గర్భమును ఇంత నిస్సంకోచముగ పూజించినవారి సంతతివారమై మనము ఆ దేహమును చూచి నవ్వుట చిత్రము. కాని ఆ దేవికి తల యుండవలసిన తావున విప్పారిన పద్మ మున్నది. శిల్పికి అది సృష్టిసంకేతము; అతనిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. మన యిండ్ల గౌరవము మాత్రము తరచు ఇట్లే యున్నది: గర్భమునకు పూజ, మొగమునకు మరపు. సీమంతమునాడు చేతులనిండ గాజులు తొడుగుదుము; "రాత్రి నిద్ర పట్టినదా?" అని యడుగుట మరతుము. "వట్టి మనిషి కాదు" అను మాటలో సైతము బిడ్డ లేనినాడు ఆమె వట్టిదను ధ్వని దాగియున్నది. కడుపును మాత్రమే గౌరవించు నిల్లు, కాన్పైన మరునాడు ఆ గౌరవమును ఊయలకు మార్చును. సడలిన దేహముతో తల్లి యొంటరిగ మిగులును.

కావున గర్భిణికి "నీ దేహమును ప్రేమింపుము" అని యుపదేశించుట చాలదు. తన దేహమును గూర్చి ఆమె తలంపులో సగము ఇతరుల మాటలనుండి పుట్టినది. ఆమె రూపమును గూర్చి యడుగనిదే తీర్పు చెప్పకుండుట, ఆమె పళ్ళెరమున వడ్డన తగ్గింపకుండుట, కాన్పైన తరువాతను ఆమె మొగము చూచి క్షేమ మడుగుట: ఈ మూడును ఏ యింటికిని భారములు కావు. మూడు నెలలు వీనిని పాటించిన యింట, గర్భిణి అద్దము ముందు జంకక నిలువగలదు.