బండి మాట విను తల్లీ

తల్లీ,

మొన్న సూర్యాపేట పెళ్లికి నీ కొత్త కారులో వెళ్లొచ్చినప్పటి నుంచి ఒక మాట నా మనసులో మెదులుతూనే ఉంది. వెళ్లేటప్పుడు ముందు సీట్లో మీ పెద్దమ్మ కూర్చుంది. తిరుగు ప్రయాణంలో నేను కూర్చుని బెల్టు పెట్టుకోబోతే దూరలేదు. చేత్తో తడిమి చూశాను. బెల్టు దూరాల్సిన చోట ఇనప క్లిప్పు ఒకటి దిగ్గొట్టి ఉంది. "అదా పెదనాన్నా, సీట్లో హ్యాండ్‌బ్యాగు పెట్టినా కూస్తోంది, అందుకని పెట్టా" అన్నావు. అంటే హైదరాబాదు నుంచి సూర్యాపేట దాకా మీ పెద్దమ్మ బెల్టు లేకుండానే వచ్చింది. కారు ఒక్క కూత కూయలేదు. దాని నోరు మనమే నొక్కేశాం.

నీ విసుగు నాకు తెలియక కాదు. తలుపు సరిగ్గా పడకపోతే ఒక మోత, రివర్సు గేరు వేస్తే ఒక మోత. సిగ్నలు దగ్గర పక్కనుంచి బైకు దూరితే చాలు, గోడకు గుద్దేస్తున్నట్టు గోల. గీతలు సగం చెరిగిపోయిన రోడ్డు మీద గీత దాటుతున్నావని స్టీరింగు చేతిలో అదురుతుంటే ఎవరికైనా చిరాకే. అలాంటివి తగ్గించుకో, తప్పు లేదు. చాలా కార్లలో సెట్టింగ్స్‌లోకి వెళితే మోత పెంచుకోవడం, తగ్గించుకోవడం మన చేతిలోనే ఉంటుంది. అయితే ఆ పని ఇంటి ముందు బండి ఆపుకుని చెయ్యి, ట్రాఫిక్‌లో కాదు.

సీటు బెల్టు కూత ఆ జాతిది కాదమ్మా. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కొత్త కారులో ముందు సీట్లు రెండింటికీ అది ఉండాలని చట్టమే చెప్పింది. 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగే మోత కూడా అప్పుడు వచ్చిందే. సీటు కింద బరువును కనిపెట్టే ఏర్పాటు ఉంటుంది. అక్కడున్నది బ్యాగో మనిషో దానికి తెలియదు. బ్యాగు కాళ్ల దగ్గరో వెనక సీట్లోనో పెట్టుకుంటే సరిపోయేదానికి క్లిప్పు ఎందుకు చెప్పు? ఆ క్లిప్పులు అమ్మొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 5 ఆన్‌లైన్ దుకాణాలకు ఆదేశాలిచ్చింది కూడా.

"ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయిగా" అన్నావు. ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడే కానీ బెల్టుకు బదులు కాదు. బెల్టు మనిషిని సీటుకు పట్టి ఉంచితేనే తెరుచుకున్న బ్యాగు కాపాడుతుంది. బెల్టు లేకపోతే మనిషి ముందుకు తూలిపోయి, సరిగ్గా అది పేలినట్టు తెరుచుకునే చోటికే వెళ్లి పడతాడు. వెనక కూర్చున్నా అంతే. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో పోయింది వెనక సీట్లో, బెల్టు లేకుండానే. కాబట్టి ఎక్కిన వాళ్లందరూ బెల్టు పెట్టుకున్నాకే బండి కదిలించు. పెద్దవాళ్లకు ఎలా చెప్పడం అని మొహమాటపడకు. మీ నాన్నకైనా సరే, నాకైనా సరే, చెప్పు.

ఇక లైట్ల సంగతి. మొన్న మనం సూర్యాపేట వెళ్లిన ఇదే విజయవాడ రోడ్డు మీద, చౌటుప్పల్ దాటాక, నా పాత కారులో ఎర్ర లైటు ఒకటి వెలిగింది. చుక్క రాలుతున్న నూనె డబ్బా బొమ్మ. మలుపు తిరిగినప్పుడు మెరిసేది, మళ్లీ ఆరిపోయేది. వైరు వదులై ఉంటుందిలే అనుకున్నాను. ఇంకో ఇరవై కిలోమీటర్లు పోయేసరికి లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలై, ఇంజన్ పట్టేసింది. మర్నాడు మెకానిక్కు ఇంజన్ విప్పి బేరింగు షెల్లు నా అరచేతిలో పెట్టాడు. వెండిలా మెరవాల్సింది గీరుకుపోయి, కింద రాగి బయటపడి ఉంది. ఆయిలు తగ్గిపోయిందన్నమాట. మలుపులో అది ఒక పక్కకు ఒరిగినప్పుడు పంపుకు అందేది కాదు. లైటు ఆ క్షణంలోనే చెప్పింది. అప్పుడే పక్కకు ఆపి ఇంజన్ కట్టేసి ఉంటే డబ్బాడు ఆయిలుతో పోయేది.

అందుకే ఎర్ర లైటు వెలిగితే ఆలోచన పెట్టుకోకు. చోటు చూసుకుని ఆపు. వేడెక్కిందని చూపించినా అంతే, చల్లారేదాకా బానెట్ లోపల ఏ మూతా తియ్యకు. పసుపు లైటుకు కాస్త వ్యవధి ఉంటుంది. ఇంజన్ బొమ్మ నిలకడగా వెలుగుతుంటే ఒకట్రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. అదే కొట్టుకుంటుంటే మాత్రం ఇంజన్ సరిగ్గా మండటం లేదని అర్థం. అలాగే తోలితే పొగ గొట్టం దారిలో ఖరీదైన భాగం పాడవుతుంది. చలికాలం పొద్దున్నే టైరు లైటు వెలిగితే కంగారుపడకు. చలికి గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. ఇంటి దగ్గరి బంకులో, టైర్లు వేడెక్కకముందే కొట్టించుకో. గాలి నింపినా లైటు ఆరకపోతే కొన్ని కార్లలో మనమే రీసెట్ చెయ్యాలి. అదీ చేశాక రెండు రోజులకే మళ్లీ వెలిగిందంటే మేకేదో దిగి ఉంటుంది, పంక్చర్ల కొట్టుకు పోనియ్యి.

గ్లవ్ బాక్సులో మాన్యువల్ చూశాను, కవరు కూడా చింపలేదు. ఈ ఆదివారం కారు తీసుకుని ఇంటికి రా తల్లీ. ఇద్దరం కూర్చుని ఒక్కో బొమ్మా చూద్దాం, ఏ మోత తగ్గించాలో ఏది ఉంచాలో తేల్చుకుందాం. పెద్దమ్మ పెసరట్లు వేస్తానంది. నువ్వు వచ్చేసరికి ఆ క్లిప్పు మాత్రం కారులో ఉండకూడదు.

మీ పెదనాన్న