మంచు కురవని ఊళ్లో క్రిస్మస్

ఆత్రేయపురంలో హిమం కురవదు. డిసెంబరు తెల్లవారుజామున గోదావరి గట్టు మీద పొగమంచు కమ్ముకుంటుంది, పొద్దెక్కితే విడిపోతుంది. అయినా డెల్టా ఇళ్లలో క్రిస్మస్ చెట్టుకు దూది అంటిస్తారు. పిల్లలు ఎన్నడూ చూడని ఆ తెల్లదనం కోసం ఆశపడతారు.

ఈ ఆశ భక్తిలో భాగమేనా?

సువార్తల్లోని జనన కథల్లో ఎక్కడా మంచు లేదు. లూకా చెప్పింది రాత్రివేళ పొలంలో మందను కాచుకునే గొర్రెల కాపరుల గురించి. తేదీ కూడా అక్కడ లేదు. డిసెంబరు 25 రోములో నాలుగో శతాబ్దంలో స్థిరపడింది. చలికాలపు క్రిస్మస్‌ను పాఠకుల మనసుల్లో నాటినవారిలో ముఖ్యుడు చార్లెస్ డికెన్స్. ఆయన 'ఎ క్రిస్మస్ కరోల్' 1843లో వెలువడింది.

అప్పటికే, 1836లో, మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ భార్యలతో ఇంగ్లండు వదిలి మన దేశం చేరారు. వారి కృషితోనే నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ వేళ్లూనింది. చలిదేశం నుంచి వచ్చిన ఆ విశ్వాసం ఈ ఉక్కపోతలోనే నిలబడింది. హిమం దానికి ఎన్నడూ అవసరం పడలేదు.

కోతల వేళ ధాన్యం కుప్పకు రాత్రంతా కాపలా ఉండే డెల్టా రైతుకు ఆ కాపరుల కథ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. దూది ఉండనివ్వండి. క్రిస్మస్ పశువుల పాకలో మాత్రం మన చేలోని వరిగడ్డే పరవండి.