తెలియనిచోట నిశ్చయము

కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలోని గౌనిపల్లి ప్రాంతమున ఒక రైతు మామిడితోపు ఎండుచున్నదని అనుకొందము. ఏడాది పొడవున పారు నది ఈ జిల్లాలో లేదు. పాత బావి ఇంకిపోయినది. ఇక మిగిలినది బోరుబావి. దానికి అడుగునకింతయని లెక్క. నీరు పడినను పడకున్నను సొమ్ము చెల్లింపవలసినదే. ఎక్కడ వేయవలెను? ఎంత లోతున ఆపవలెను? ఇంటివారును, తెలిసినవారును నలుగురు కూడి తేల్చవలసిన ఈ చిన్న విషయమున ఒక పాత తత్త్వచర్చ దాగియున్నది.

అక్కడ మూడు మాటలు వినబడును. అరచేత టెంకాయ నిలిపి నడచువాడు "ఇక్కడే, రెండించుల నీళ్లు" అనును. ఇంజినీరు నేలలోనికి విద్యుత్తు పంపి నిరోధము కొలిచి, ఇచ్చట అది తక్కువగా నున్నది గనుక లోపల రాయి పగిలి తడిసియుండవచ్చుననును. అయితే బంకమన్నును అట్లే తక్కువ నిరోధము చూపును. మిక్కిలి లోతున నున్న సన్నని బీట ఆ కొలతకు అందకపోవచ్చును. బోరులారీవాడు "పక్కచేనిలో పడలేదు" అనును. అదియు పూర్తి సాక్ష్యము కాదు. గట్టిరాతిలో నీరు బీటలలోనే యుండును; నూరడుగుల దూరమున కథ మారవచ్చును.

ముగ్గురిలో తక్కువ తెలిసినవాడే గట్టిగా చెప్పును. జనము వానివైపు మొగ్గును. టెంకాయవానిని పరిహసించుట సులభమే గాని, ఇంజినీరు కాగితమును కూడ టెంకాయవలె వాడుకొనువారు లేకపోలేదు. మరికొందరు, ఎవరును రూఢిగా చెప్పలేదు గదాయని, వచ్చే ఏటికి వాయిదా వేయుదురు. వాయిదాయు ఒక నిర్ణయమే. దాని ఖరీదు చెట్లు చెల్లించును.

స్యాద్వాదముపై శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యమున చేసిన ఆక్షేపణ ఇట్టిదే: అన్నియు అనిశ్చితమైనచో మనుష్యుడు దేనిని నమ్మి పనికి పూనుకొనును? జైనతార్కికుల సమాధానము గమనింపదగినది. 'స్యాత్' అనగా 'ఏమో' యని కాదు. 'ఒక అపేక్షచే' యని అర్థము. ఆ అపేక్షను చెప్పిన పిమ్మట వాక్యమున 'ఏవ' అను నిశ్చయార్థకమును చేర్చిరి. ఈ దృష్టితో చూచినచో ఇది ఉన్నదే, అని. సందేహము హద్దు గీయని మాట. స్యాద్వాదము హద్దు గీసి చెప్పిన మాట. "ఈ కొలతనుబట్టి ఈ తావు తక్కిన రెండు తావులకంటె మేలు" అని ఇంజినీరు నిస్సంకోచముగా చెప్పవచ్చును. "నీరు పడును" అని మాత్రము చెప్పరాదు. పనికి పూనుకొనుటకు మొదటి మాట చాలును.

ఈ జిల్లాలోనే జరిగిన కథ యొకటి కలదు. 1880లో ఏర్పడిన మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీ కొన్నేండ్లలోనే మూలధనమును చాలవరకు హరించుకొనినది. లాభమిచ్చు బంగారము కానరాలేదు. మిగిలినది పంచుకొని పోవుదమని వాటాదారులు పలువురు తలచిరి. జాన్ టేలర్ సంస్థ సలహాపై, ఉన్నదానితో మరొక ప్రయత్నమునకు ఒప్పుకొనిరి. కెప్టెన్ ప్లమ్మర్ వచ్చి, ప్రాచీనులు త్రవ్వి విడిచిన గోతుల దిగువకు పోయి ఛాంపియన్ రీఫును పట్టెను. కోలారు గనులు 2001 వరకు నడచినవి.

దీనిని ధైర్యసాహసముల కథగా చెప్పువారు, దాదాపు అదే కాలమున వయనాడులో బంగారమని సొమ్ము పోగొట్టుకొనిన కంపెనీలను మరతురు. కోలారు నిర్ణయమున మెచ్చదగినది ఫలితము కాదు. ప్రాచీనులు అంత శ్రమపడి త్రవ్వియుండుట ఒక సాక్ష్యము. పోగల సొమ్మునకు ముందే ఒక మేర కలదు. బంగారము దొరకకపోయినను ఆ నిర్ణయము తప్పు కాకపోయెడిది. అట్లే టెంకాయవాడు చెప్పినచోట నీరు పడినంతమాత్రమున వాని మాట శాస్త్రము కాదు.

గౌనిపల్లి రైతునకు అసలు పరీక్ష తావు ఎన్నుకొనుటలో లేదు. నడిరాత్రి ఎనిమిదివందల అడుగులు దాటినను పొడిదుమ్మే లేచుచున్నపుడు "ఇంకొక నూరడుగులు" అను మాట వచ్చును. అదివరకు పోసిన సొమ్మే ఆ మాట పలికించును. అందుచేత ఆపవలసిన లోతును లారీ రాకముందు పగటివేళ తేల్చుకొని కాగితముపై వ్రాసికొనవలెను. ఎవరి నగలు కుదువకు పోయినవో ఆమెను కూడ ఆ మాటలో కూర్చుండబెట్టవలెను. అక్కడ ఆపినచో, మిగిలిన సొమ్ముతో టాంకరు నీళ్లు తెప్పించి సగము చెట్లనైనను నిలుపుకొనవచ్చును. ఏ సగమో కూడ ఆ కాగితముమీదనే యుండుట మేలు.