ఎవరి తాలూకు?

"ఒరేయ్, ఆ గోడ మీద కూర్చో. వెనకాల గొర్రె కూడా పడుతుంది" అన్నాడు మా డాక్టరు. కూర్చున్నాను. పైకప్పు లేని ఇల్లది. రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు నడుమెత్తున మిగిలాయి. గుమ్మం ఉండాల్సిన చోట ఖాళీ. లోపల గొర్రె ఒకటి తీరుబడిగా మేస్తోంది. ఎదురుగా సముద్రపు పాయ, అవతల నీలం కొండలు, మబ్బుల సందుల్లోంచి జారే ఎండ. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఆ రాత్రి సిగ్నలు దొరికాక ఇంటికి పంపితే, "మనుషుల సందడి లేకుండా ఎంత ప్రశాంతంగా ఉందో!" అని జవాబు.

మనుషుల సందడి లేని మాట నిజమే.

స్కాట్లండ్‌లో స్కై ద్వీపం దక్షిణాన బోరెరేగ్ అనే చోటు అది. అక్కడికి రోడ్డు లేదు. పాడుబడ్డ చర్చి ఒకదాని దగ్గర కారు ఆపి, బురదలో గంటన్నర నడవాలి. దారంతా నలుగురం కాలేజీ రోజుల జోకులే మళ్లీ చెప్పుకుంటూ నడిచాం. తీరా చేరాక మాలో రైతు కొడుకు, ఇరవయ్యేళ్లుగా లండన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నవాడు, సముద్రాన్ని వదిలేసి గడ్డి వాలు వైపే చూస్తూ నిలబడ్డాడు. "ఇది బీడు కాదురా, చేను" అన్నాడు. పరీక్షగా చూస్తే మాకూ కనిపించింది. గడ్డి కింద వరసగా మిట్టా పల్లం, మిట్టా పల్లం, తడి జుట్టు మీద దువ్వెన లాగినట్టు. సముద్రపు నాచు బుట్టలతో మోసుకొచ్చి ఎరువుగా వేసి బంగాళదుంపలు పండించిన మళ్లవి. పారతో తవ్విన ఆ తవ్వును నేల ఇంతకాలమైనా దాచుకునే ఉంది.

1853లో ఈ ఊరినీ, పక్కనున్న సూయిష్నిష్‌నూ జమీందారు తరఫువాళ్లు ఖాళీ చేయించారు. కారణంలో రహస్యమేమీ లేదు. చిన్న కౌలుదార్ల చుట్టూ తిరిగి బకాయిలు వసూలు చేసుకునే కన్నా, కొండ మొత్తాన్ని ఒక్క గొర్రెల ఆసామికి అప్పగిస్తే శిస్తు ఎక్కువ, తలనొప్పి తక్కువ. హైలాండ్స్ అంతటా తరాల తరబడి జరిగిన కథే ఇది. సూయిష్నిష్‌కు చెందిన ముగ్గురి మీద కేసు పెడితే ఇన్వర్నెస్ కోర్టు వదిలేసింది. జమీందారీ వదల్లేదు. తిరిగొచ్చినవాళ్లను చలికాలంలో మళ్లీ బయటికి గెంటారు. ఆ రోజుల్లో అక్కడ రాళ్లు పరిశీలిస్తూ తిరుగుతున్న ఆర్చిబాల్డ్ గీకీ అనే కుర్రాడు గాలిలో ఏడుపు విన్నాడు. ముసలివాళ్లను బండ్లెక్కించుకుని ఊరికి ఊరే కదిలిపోవడం చూశాడు. ఆ కుర్రాడు పెద్ద భూగర్భ శాస్త్రవేత్త అయ్యి, అర్ధ శతాబ్దం గడిచాక కూడా ఆ ఏడుపును మరవలేక తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నాడు.

మేం బోరెరేగ్ చేరడానికి నాలుగు రోజుల ముందు ఎడింబరోలో ఉన్నాం. రాయల్ మైల్ వీధిలో డేవిడ్ హ్యూమ్ కంచు విగ్రహం ఉంటుంది. ఒళ్లంతా పచ్చగా చిలుమెక్కినా, ముందుకు చాచిన కుడికాలి బొటనవేలు మాత్రం బంగారంలా మెరుస్తుంది. ముట్టుకుంటే చదువొస్తుందనో కలిసొస్తుందనో వచ్చేపోయేవాళ్లంతా రుద్దుతారు. బతికున్నన్నాళ్లూ మూఢనమ్మకాలను ఉతికి ఆరేసిన తత్వవేత్తకు దక్కిన పాదపూజ అది! మేమూ రుద్దాం. డాక్టరు రెండుసార్లు రుద్దాడు, రెండోది వాళ్లమ్మాయి మెడిసిన్ సీటు కోసమట.

అందం వస్తువులో ఉందా, చూసేవాడి మనసులో ఉందా అన్న తగువును 1757లో అచ్చయిన ఒక వ్యాసంలో హ్యూమ్ ఎత్తుకున్నాడు. మాలో నాలుగోవాడు ఫిలాసఫీ లెక్చరరు. విగ్రహం కింద నిలబడి ఇది చెబుతుంటే మేం సగం విన్నాం, సగం టీ కొట్టు వెతికాం. బోరెరేగ్‌లో ఆ మిట్టపల్లాల ముందు నిలబడ్డప్పుడు ఆ సగం మాటే గుర్తుకొచ్చింది. గోడ మీద కూర్చున్నప్పుడు ఈ ఊరి సంగతి నాకు తెలియదు. దిగాక లెక్చరరు ఫోన్లో దాచుకున్న పుటలు చదివి వినిపిస్తే తెలిసింది. కొండ మారలేదు, నీళ్లు మారలేదు, మారింది నా మనసే. హ్యూమ్ లెక్కన అందమూ మారిపోవాలి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, తగ్గలేదు. పైగా ఇంకాస్త పెరిగింది. పెళ్లి భోజనంలో ఆవకాయ ముక్కలా ఆ దుఃఖం కూడా నంజుకోవడానికి పనికొచ్చింది. గీకీ విన్న ఆ గొంతుల వారసులు కెనడాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఉంటారు, వాళ్లకి ఇది రుచి కాదు. నాకెందుకు రుచించిందన్న ప్రశ్న ఇప్పటికీ ముల్లులా గుచ్చుతూనే ఉంది.

గ్లాస్గోలో ఒక్క రోజే ఉన్నాం. వెల్లింగ్టన్ ప్రభువు గుర్రం మీద విగ్రహమై కూర్చుంటే, ఊళ్లోవాళ్లు ఆయన నెత్తిన ట్రాఫిక్ కోను తొడుగుతారు. తీయించేకొద్దీ మళ్లీ తొడుగుతారు. ఆ ఒక్క పనికే ఆ ఊరు నాకు నచ్చేసింది. మా డాక్టరుది కడప. కంపెనీ కాలంలో కడప ప్రాంతానికి కలెక్టరుగా చేసిన మన్రో 1761లో ఈ ఊళ్లోనే పుట్టాడని తెలిసి, "మా దొర ఊరు రా ఇది" అని ఛాతీ విరుచుకున్నాడు. మన్రో తండ్రి వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా తిరగబడేసరికి దివాలా తీశాడు. కొడుకు కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. పొగాకు దేశంలో తిరుగుబాటు లేకపోతే తిరుమల వంటింట్లో మన్రో పేరిట గంగాళం ఉండేది కాదన్నమాట. ఎక్కడి తీగ ఎక్కడ లాగితే ఎక్కడి డొంక కదిలింది!

స్కైలో ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టార్ అనే రాతి స్తంభం చూడ్డానికి గంటంపావు ఎక్కాం. పైన పొగమంచు. మా చేతులు మాకే కనిపించలేదు. పక్కన నిలబడ్డ జర్మన్ కుర్రాళ్లు ఫోన్లో వేరేవాళ్ల ఫోటో తీసి, అదిగో అక్కడ ఉండాలి అని గాల్లోకి చూపించుకుంటున్నారు. ఈ రోజుల్లో చూడ్డమంటే ముందే చూసినదాన్ని సరిపోల్చుకోవడమే కదా అనిపించింది.

అక్కడి నుంచి ఓడలో హారిస్, రోడ్డు మీద లూయిస్. నిజానికి రెండూ ఒకే దీవి. చెట్టన్నది లేదు, నల్లటి పీట్ నేల, మధ్యలో ఆకాశం ముక్కల్లా చెరువులు. చివర స్టోర్నోవే రేవు. మిగతా ముగ్గురినీ అంతదూరం లాక్కెళ్లింది నేనే. కారణం ఒక్కటే, కోలిన్ మెకంజీ పుట్టిన ఊరది.

1754 ప్రాంతంలో పుట్టి, సుంకం కచేరీలో కొలువు చేసి, 1783లో మద్రాసుకు ఓడెక్కాడు. మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. ఇండియా మొదటి సర్వేయర్ జనరల్ అయ్యి 1821లో కలకత్తా దగ్గరే పోయాడు. భాషలు రాని ఆ మనిషికి నోరూ చెవీ అయినవాళ్లు మా ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వాళ్లూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి, కరణాలనూ పూజారులనూ కూర్చోబెట్టి అడిగించారు. ఈ ఊరు ఎవరు కట్టారు, ఎప్పుడు పాడుపడింది, మళ్లీ ఎవరొచ్చి నిలబెట్టారు, ఏ గుడికి ఏ మాన్యం. అలా పుట్టినవే కైఫీయతులు. కంపెనీకి ఊరి సంగతి తెలిస్తే శిస్తు సంగతీ తెలుస్తుంది, అది వేరే మాట. మెకంజీ పోయాక ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, ఆ అర్హత మీకెక్కడిదన్నారు. అదింకో మాట. కానీ ఎక్కడో ఈ చలిరేవులో పుట్టినవాడి పుణ్యమా అని, మా పక్క ఎన్నో ఊళ్లకు తమ కథ కాగితం మీద మిగిలింది.

మేం దిగింది ఆదివారం. ఆ దీవిలో ఆదివారమంటే దేవుడి రోజు. చాలా తలుపులు మూసే ఉన్నాయి. లండన్ నుంచి తెచ్చుకున్న పులిహోర పొడే మధ్యాహ్నం మమ్మల్ని కాపాడింది. సాయంత్రం మేం దిగిన ఇంటావిడతో, మెకంజీ కోసం వచ్చామని గొప్పగా చెప్పాను. ఆవిడ టీ పోస్తూ "ఏ మెకంజీ?" అంది. ఆ ఊళ్లో ఏ గుమ్మం తట్టినా ఒక మెకంజీ బయటికొస్తాడట. అందుకే కొత్త మనిషి కనబడితే పేరు అడిగి ఊరుకోరట. వాళ్ల గాలిక్ భాషలో "కో లెష్ ఊ?" అంటారట. నువ్వు ఎవరి మనిషివి, ఎవరికి చెందినవాడివి అని.

రైతు కొడుకు కప్పు కింద పెట్టేశాడు. "ఎవరి తాలూకు బాబూ, అని మా ఊరి అరుగు మీద అడిగేదే కదరా ఇది!"

ఆవిడకి అర్థం చెప్పాం. నవ్వి, "మరి మీ ఊరు ఎవరి తాలూకు?" అని వాణ్ణే అడిగింది. ఎవరు కట్టారు, ఆ పేరెలా వచ్చింది, మీవాళ్లు అక్కడికి ఎక్కణ్ణుంచి వచ్చారు. మెకంజీ మనుషులు అడిగినలాంటి ప్రశ్నలే. వాడు నా వైపు చూశాడు. వాడి ఊరి సంగతి నాకేం తెలుసు? నా ఊరి సంగతే తెలియదు. బోరెరేగ్‌లో దుంపలు పండించినవాడి బాధ పుటలు తిరగేసి చదివినవాళ్లం, మా తాత చేను పేరు వెనక కథ ఏమిటో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

మర్నాడు పొద్దున్నే ఓడ. రేవు వెనక్కి జరుగుతుండగా వాడు డెక్కు మీద గాలికి అడ్డంగా నిలబడి ఇంటికి ఫోన్ కలిపాడు. అక్కడ పదకొండున్నర. "నాన్నా, మన ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? మనవాళ్లు అక్కడికి ఎప్పుడొచ్చారు?" అని అరిచాడు. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత స్పీకర్లో ముసలాయన గొంతు, కంగారుగా:

"ఇప్పుడవన్నీ ఎందుకురా? పొలం మీద ఎవడైనా కేసు వేశాడా?"

వాడు జవాబు చెప్పేలోపు సిగ్నలు పోయింది.