లింగైక్యమునకు ముందటి మాట

వీరశైవ బంధువులారా,

మన ఇండ్లలో పెద్దలు సమాధిని గూర్చి సంకోచము లేక మాటలాడుదురు. ఎచట కూర్చుండబెట్టవలెనో, కరమున ఇష్టలింగము నెట్లుంచవలెనో బిడ్డలకు ముందే చెప్పియుంతురు. కాని ప్రాణము పోవుటకు ముందు గడచు దినములను గూర్చి ఒక్క మాటయు చెప్పరు.

మా తండ్రిగారును చెప్పలేదు. హుకుంపేట నుండి పాడేరునకు, అచటి నుండి ఘాటురోడ్డు మీదుగా విశాఖపట్టణమునకు వారిని కొనిపోతిమి. వారికి స్మృతి తప్పిన పిదప, శ్వాసయంత్రము పెట్టవలెనా యని వైద్యులు మమ్మడిగిరి. అన్నగారు పెట్టవలెననిరి, నేను ఇంటికి కొనిపోవుదమంటిని. యంత్రము పెట్టిరి. దేహమునుండి ఇష్టలింగమును తీసి నా చేతికిచ్చిరి. పదునొకండవ దినమున వారు లింగైక్యులైరి. అన్నగారిది తప్పు కాదు. నాది ఒప్పనియు చెప్పజాలను. తండ్రి మనస్సెరుగక ఇరువురమును ఊహించితిమి. ఆ ఊహయే నేటికిని మమ్ము బాధించుచున్నది.

పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుని కల్యాణమునందు అనుభవ మంటపము వెలసినది. అల్లమప్రభువు అధ్యక్షతన, అక్కమహాదేవి వంటి స్త్రీలును కూడి, శరణులచట నిర్భయముగ ప్రసంగించిరి. అట్టి మంటపము ప్రతి ఇంటను ఒక్క సాయంకాలమైనను నిలువవలదా?

ఇది ఆత్మహత్య కాదా యని కొందరు శంకింపవచ్చును. కాదు. దేహము లింగమునకు ఆలయము. నయమగు వ్యాధికి చికిత్స మానుట ధర్మము కాదు. కోలుకొను ఆశ లేనప్పుడు, యంత్రములతో మరణమును పొడిగింపవలదని కోరుట వేరు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఈ కోరికను ముందుగా వ్రాసియుంచు హక్కును అంగీకరించినది. 2023 జనవరి 24న ఆ పద్ధతిని సులభము చేసినది. స్వస్థచిత్తులైన వయోజనులు స్వేచ్ఛగా పత్రము వ్రాసి, ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచే గాని గెజిటెడ్ అధికారిచే గాని ధ్రువపరచుకొనిన చాలును. తమ తరపున మాటలాడవలసిన ఆత్మీయుల పేర్లు అందు వ్రాయవలెను. మనస్సు మారినచో ఎప్పుడైనను రద్దుచేసికొనవచ్చును. రోగి తాను చెప్పలేని స్థితిలో నున్నప్పుడే, రెండు వైద్యమండలులు పరిశీలించిన పిదపనే అది అమలగును.

పత్రముకన్న ముందు మాట కావలెను. మొన్న లింగపూజానంతరము నా బిడ్డలను కూర్చుండబెట్టి చెప్పితిని: "నయమగునన్న వైద్యము చేయించుడు. కానినాడు నొప్పి తగ్గించు మందిచ్చి, ఇంటికి కొనివచ్చి, ఇష్టలింగమును నా కరమున నుండనిండు." కుమార్తె కంట నీరు పెట్టినది; పిమ్మట, "ఇప్పుడు మాకు తెలిసినది, నాన్నగారూ" అన్నది.

మీ బిడ్డలకును తెలియనిండు. శరణు.