ఫలితంలో గాలి వాటా

2011 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌ను కెన్యా పరుగువీరుడు జెఫ్రీ ముతాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో ముగించాడు. అంతకుముందు భూమ్మీద ఎవరూ 42.195 కిలోమీటర్లను అంత వేగంగా పరిగెత్తలేదు. ఆ రోజు గాలి వెనకనుంచి తోసింది. మరుసటి ఏడాది అదే రోడ్డు, అదే మనిషి. ఎండ మాత్రం 30 డిగ్రీలు దాటింది. ముతాయ్‌కి కడుపు పట్టేసింది, 30 కిలోమీటర్లైనా నిండకుండానే పక్కకు తప్పుకున్నాడు. ఆ ఏడు గెలిచిన వెస్లీ కొరిర్‌కు పట్టిన సమయం 2:12:40.

మరి 2011 నాటి పరుగులో ముతాయ్‌ది ఎంత, గాలిది ఎంత?

ప్రశ్న కొత్తదేమీ కాదు. అనుశాసన పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి ఇదే అడుగుతాడు: దైవమా, పురుషకారమా, ఏది గొప్పది? జవాబులో పురుషకారం పొలమవుతుంది, దైవం విత్తనమవుతుంది. మామూలుగా మనం తిరగేసి ఊహించుకుంటాం, విత్తడం మన పనే కదా అని. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఇంకాస్త లెక్కగా మాట్లాడుతుంది. పని ఏదైనా జరగాలంటే ఐదు కారణాలు కలవాలి: ఆధారమైన శరీరం, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఇక్కడ దైవమంటే ఇంద్రియాలకు అండగా నిలిచే ఆదిత్యుడు మొదలైన దేవతలని శంకరుల భాష్యం. ఎండలో మారథాన్ పరిగెత్తినవాడికి ఆదిత్యుడి ప్రమేయం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆ ప్రమేయం ఎలా పనిచేస్తుందో శరీరశాస్త్రం చెబుతుంది. పరుగులో కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగింట మూడు వంతులు వేడిగానే పోతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి చెమట కారితే చాలదు, ఆరాలి. గాల్లో తేమ నిండి ఉంటే చెమట ఆరక కారిపోతుంది. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, కాళ్ళకు అందేది తగ్గుతుంది. పారిస్, లండన్, బెర్లిన్, బోస్టన్, చికాగో, న్యూయార్క్ మారథాన్లలో పదేళ్ళ ఫలితాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. మంచి పరుగుకు అనువైన ఉష్ణోగ్రత దాదాపు 4 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటుందని తేల్చింది. మన ఊళ్ళలో డిసెంబరు తెల్లవారుజామున కూడా అరుదుగా దొరికే చలి అది.

అయితే వాతావరణం అందరికీ ఒకటే కదా, అందులో అన్యాయం ఎక్కడుంది అనేవాళ్ళున్నారు. 2018 బోస్టన్ చూస్తే ఆ మాట నిలవదు. గడ్డకట్టే చలి ఇంకో నాలుగైదు డిగ్రీల దూరంలో ఉంది, వాన కుమ్మరిస్తోంది, ముఖం మీద ఎదురుగాలి. మేటి పరుగువీరులు ఒకరి తర్వాత ఒకరు మధ్యలోనే ఆగిపోయారు. గెలిచినవాడు జపాన్‌కు చెందిన యూకీ కవాయుచి, పూర్తికాలం ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ సాధన చేసిన మనిషి. అదే ఏడాది జనవరి ఒకటిన, సున్నాకు 17 డిగ్రీల దిగువ చలిలో, అదే మసాచుసెట్స్ రాష్ట్రంలో ఓ చిన్న మారథాన్ పరిగెత్తాడు. దాన్ని పూర్తిచేసింది అతనొక్కడే. బోస్టన్‌లో గెలిచాక, తనకు ఇంతకన్నా మంచి వాతావరణం ఉండదన్నాడు. మిగిలినవాళ్ళకు శాపమైన వాన అతనికి వరమైంది. అయితే ఆ వరానికి అతను మూడున్నర నెలల ముందే పొలం దున్ని ఉంచుకున్నాడు.

ఆడవాళ్ళ పందెంలో కథ ఇంకా విచిత్రం. డెజిరీ లిండెన్ మొదట్లోనే మానేద్దామనుకుంది. ఎలాగూ మానేస్తున్నాను కదా, తోటివాళ్ళకైనా పనికొద్దామని, మూత్రవిసర్జనకు ఆగిన షలేన్ ఫ్లానగన్ కోసం వేగం తగ్గించింది, ఆమెను మళ్ళీ గుంపులో కలిపింది. తీరా చూస్తే ముందున్నవాళ్ళు తగ్గిపోతున్నారు, తాను మిగిలింది. 2:39:54 సమయంతో, 33 ఏళ్ళ తర్వాత బోస్టన్ గెలిచిన తొలి అమెరికన్ మహిళ అయింది. ఫలం మీద ఆశ వదిలాక ఫలం చేతికొచ్చిందని ప్రవచనకారులు సంబరపడొచ్చు. కానీ ఆశ వదిలినవాళ్ళు ఆ రోజు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళకేమీ రాలేదు.

అసలు పక్షపాతం ప్రకృతిది కాదు, లెక్క రాసే మనిషిది. వంద మీటర్ల పరుగులో వెనకగాలి సెకనుకు 2 మీటర్లు మించితే ఆ సమయం రికార్డుగా చెల్లదు. ఎదురుగాలికి మాత్రం ఒక్క క్షణమూ వెనక్కి ఇవ్వరు. ముతాయ్ సమయమూ ప్రపంచ రికార్డు కాలేదు. ఎందుకంటే బోస్టన్ దారి మొదలైన చోటికి తిరిగి రాకుండా ఒకేవైపు సాగుతుంది, పైగా నిబంధన ఒప్పుకునేదానికన్నా ఎక్కువ పల్లం. గెలిచినవాడి అదృష్టాన్ని తీసేయడానికి మనకు సూత్రాలున్నాయి. ఓడినవాడి దురదృష్టాన్ని కలపడానికి ఒక్కటీ లేదు. పరీక్షల్లో, ఉద్యోగాల్లో, పంటల్లో మనం చేసేదీ ఇదే.

దీని అర్థం అంతా ఐదో కారణం మీదికి నెట్టేయమని కాదు. 2019లో దోహా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మహిళల మారథాన్ అర్ధరాత్రి మొదలైంది. అయినా వేడి 30 డిగ్రీలపైనే, తేమ 70 శాతం పైన. 68 మంది బయల్దేరితే 40 మందే ముగించారు. ఆ ఉక్క దైవమే అనుకున్నా, పందేన్ని అక్కడ పెట్టాలన్న నిర్ణయం మనుషులది. 2021 మే నెలలో చైనాలోని గాన్సు ప్రాంతపు కొండల్లో వంద కిలోమీటర్ల పరుగు జరిగింది. వడగళ్ళు, చలిగాలి ముంచెత్తి 21 మంది చనిపోయారు. విచారణలో నిర్వాహకుల లోపాలు బయటపడ్డాయి, అధికారులకు శిక్షలు పడ్డాయి. అక్కడ దైవం పేరెత్తితే అది భక్తి అనిపించుకోదు, తప్పించుకోవడమే అవుతుంది.

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టులో, గాల్లో తేమ తగ్గని రోజుల్లో జరుగుతుంది. ఆ దారిలోని ఫ్లైఓవర్లు ఎక్కి దిగినవాళ్ళ సమయాలను చలిదేశాల సమయాలతో పోల్చి చిన్నబుచ్చడం సరికాదు. నిర్వాహకులు ఫలితాల పట్టికలో ప్రతి గంటకూ ఉష్ణోగ్రత, తేమ, గాలివేగం కూడా అచ్చువేయాలి. అందుకు అయ్యే ఖర్చు పట్టికలో ఇంకో మూడు గడులు.