గోడ మీది బూజు, తలలోని నరం

కర్ణాటకలోని మాలూరు పేరు చెబితే పెంకులూ ఇటుకలూ గుర్తొస్తాయి. అయితే కప్పు మీద ఒక్క పెంకు జారినా చాలు, ముసురు రోజుల్లో గోడ చెమ్మగిల్లి నల్లమచ్చలు తేలతాయి. వెంటనే ఆ ముక్కిన వాసన.

ఆ వాసన వెనకున్న రసాయనాల్లో ఒకదాన్ని పుట్టగొడుగు ఆల్కహాల్ అంటారు. దాని కథ దూరదేశంలో మొదలైంది. 2005లో కత్రినా తుపానుకు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ మునిగినప్పుడు జోన్ బెన్నెట్ ఇల్లూ మునిగింది. ఆమె బూజుల మీదే పరిశోధించే శాస్త్రవేత్త! మాస్కు, చేతి తొడుగులు వేసుకుని లోపలికెళ్లినా తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. బూజు వదిలే ఆవిరే కారణమా అన్న అనుమానం అక్కడే పుట్టింది. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఆమె బృందం ఆ రసాయనపు ఆవిరిని పండు ఈగలకు పట్టించి, 2013లో ఫలితాలు ప్రకటించింది. ఈగల నడక తడబడింది. మెదడులో డోపమైన్ తయారుచేసే నరాల కణాలు తగ్గాయి. పార్కిన్సన్ జబ్బులో దెబ్బతినేవీ ఆ కోవ కణాలే.

అలాగని గోడమచ్చ చూసి హడలిపోనక్కర్లేదు. ఈగ ఈగే, మనిషి మనిషే. మనుషుల్లో ఇది రుజువు కాలేదు. బూజు ఉబ్బసాన్ని రేపుతుందన్నది మాత్రం ఖాయం.

తిండిగింజల సంగతి వేరు. బూజు పట్టిన అరికెలు తింటే మత్తు, వణుకు. 2024 అక్టోబరు చివర మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో అరికె చేను మేసిన 10 ఏనుగులు చనిపోయాయి; పరీక్షల్లో సైక్లోపియాజోనిక్ ఆమ్లమనే బూజు విషం బయటపడింది.

గోడకు సున్నం కొట్టే ముందు నీరు కారే చోటు మూయించండి. ముక్కిన గింజల్ని కడిగి వండకండి, కోళ్లకూ వేయకండి.